పెద్దల క్విజ్ సాగడం లేదా? ముందు మైకు చూడండి, ఆ తరువాత జవాబుల కాగితం చూడండి

వయోధికుల నివాస సముదాయాల్లో వారానికొకసారి పెట్టే జనరల్ నాలెడ్జ్ క్విజ్ మొదట్లో ఉత్సాహంగా సాగి, కొన్నాళ్లకు చప్పబడిపోవడం మామూలే. అప్పుడు నిర్వాహకులు చేసే నిర్ధారణ కూడా మామూలే: పెద్దవారికి ఆసక్తి లేదంటారు, లేదా జ్ఞాపకశక్తి తగ్గిందంటారు. ఈ రెండూ కారణాలు కావనుకుని వెతకడం మొదలుపెడితే అసలు లోపం తొందరగా దొరుకుతుంది. జట్లు కట్టడం, మార్కులు వేయడం తెలిసినవారిని ఉద్దేశించి రాస్తున్నాను కనుక ఆట నియమాల జోలికి పోవడం లేదు.

ప్రశ్న చదివాక హాలంతా నిశ్శబ్దం

ప్రశ్న వారికి వినిపించలేదు. పదిచోట్ల తొమ్మిది చోట్ల కారణం ఇదే, ఎవరూ చూడనిదీ ఇదే. వెనుక వరుసలో కూర్చుని విన్నారా అని నిర్వాహకులను అడిగితే విన్నామనే చెబుతారు; తీరా ఆరా తీస్తే, ఖాళీ హాల్లో ఫ్యాన్లు ఆపి విన్నారని తేలుతుంది. జనం నిండాక, ఫ్యాన్లు తిరుగుతుండగా, పక్కన టీ కప్పుల చప్పుడు వస్తుండగా వినాలి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేది సన్నని, కీచుగా ఉండే ధ్వనులను పట్టుకునే శక్తి. అచ్చులు బాగానే చేరతాయి గాని స, ష, త, ప వంటి హల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే వారు "మాట వినిపిస్తోంది గాని తెలియడం లేదు" అంటారు. దానికి స్పీకరు శబ్దం పెంచడం పరిష్కారం కాదు, నున్నని గచ్చు ఉన్న హాల్లో అది ప్రతిధ్వనిని మాత్రమే పెంచుతుంది. టీవీ కట్టేసి, నెత్తిమీది ఫ్యాన్ల వేగం తగ్గించి, వెలుతురు మీ ముఖం మీద పడేటట్టు నిలబడి, పెదవులకు మైకు అడ్డం రాకుండా, ప్రతి ప్రశ్ననూ నిదానంగా రెండుసార్లు చదవండి. పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన ప్రశ్న ప్రతి బల్ల మీదా ఉంటే ఈ బాధ దాదాపు తీరిపోతుంది.

గంట మోగిన తరువాత జవాబు రావడం

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు నాలుక చివర ఆగిపోవడం వయసుతో పాటు పెరుగుతుంది. తెలియకపోవడం వేరు, అందకపోవడం వేరు. బజరు తీసేయండి. ప్రతి జట్టుకూ ఒక పలక ఇచ్చి, అర నిమిషం తరువాత అందరూ ఒకేసారి పలకలు ఎత్తే పద్ధతి పెట్టండి.

వాదన, అలక, మరుసటి వారం గైర్హాజరు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ లోపం బయటికి లోపంలా కనిపించదు. "మన రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" అని మీరు అడుగుతారు. మీ కాగితంలో నీలం సంజీవరెడ్డి అని ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన టంగుటూరి ప్రకాశం అంటారు, వరంగల్ ఆవిడ బూర్గుల రామకృష్ణారావు అంటారు, మీరు ఇద్దరికీ సున్నా వేస్తారు. నిజానికి ముగ్గురూ సరైన జవాబులే: 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం, 1952 ఎన్నికల తరువాత హైదరాబాద్ రాష్ట్రానికి బూర్గుల, 1956 నవంబరు 1న ఆంధ్ర రాష్ట్రమూ హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతమూ కలిసిన ఆంధ్రప్రదేశ్‌కు సంజీవరెడ్డి. 2014 తరువాతి తెలంగాణను ఉద్దేశించి అడిగితే నాలుగో జవాబు కె. చంద్రశేఖరరావు. ఎన్నో ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషికి, తనకు నిశ్చయంగా తెలిసిన సంగతిని నలుగురిలో తప్పన్నాక, మళ్లీ ఆ హాల్లో అడుగుపెట్టాలని ఎందుకుంటుంది? ఆయన మీతో తగాదా పడరు, మోకాలు నొప్పి అని కబురు చేస్తారు. మీరు హాజరు పట్టీలో "ఆసక్తి లేదు" అని రాసుకుంటారు.

లోపం మనిషిలో లేదు, కాలం చెప్పని ప్రశ్నలో ఉంది. జీకే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు కాలంతో మారుతుంది. పెద్దవారు తాము చదువుకున్న నాటి జవాబు చెబుతారు, మీ కాగితం, దాన్ని ఏ గైడు నుంచి నకలు చేసుకున్నారో ఆ గైడు అచ్చయిన నాటి జవాబు చెబుతుంది. ఒక్కోసారి పాతబడింది ఆ గైడే. గ్రహాలు తొమ్మిది అన్నవారిని మతిమరుపు ఖాతాలో వేసిన నిర్వాహకులను నేను చూశాను. ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించింది 2006 ఆగస్టులో; అప్పటికే ఉద్యోగ విరమణ దగ్గర పడినవారు అంతవరకూ చదివిందీ, పిల్లలతో చదివించిందీ తొమ్మిదే. ప్రాథమిక హక్కులు ఏడు అన్నవారి సంగతీ ఇంతే, 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ఆ జాబితా నుంచి తీసేసింది. అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫాం అంటే కొందరికి ఖరగ్‌పూర్, 2013 తరువాత గోరఖ్‌పూర్, 2023 నుంచి హుబ్బళ్లి. జిల్లాల సంఖ్య మరీ ప్రమాదకరం: 1979లో విజయనగరం ఏర్పడ్డాక ఉమ్మడి రాష్ట్రంలో 23 ఉండగా, విభజనతో ఆంధ్రప్రదేశ్‌కు 13, తెలంగాణకు 10 అయ్యాయి, తెలంగాణలో 2016 అక్టోబరులో 31, 2019లో 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. సంవత్సరం చెప్పకుండా ఈ ప్రశ్న అడిగేవారు తగాదాను తామే పిలిచి కూర్చోబెడుతున్నారు.

మరమ్మతు క్విజ్ ముందురోజే చేయాలి. ప్రతి ప్రశ్ననూ తీసుకుని, 1960లో ఇదే అడిగితే ఇదే జవాబు వచ్చేదా అని చూడండి. కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుడుతుందన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే, దాన్ని అలాగే ఉంచవచ్చు. జవాబు మారేదైతే ప్రశ్నలోనే ఏడాదినీ, రాష్ట్రం పేరునూ చేర్చండి: "1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" రూపాయికి ఎన్ని పైసలు అన్నా ఇంతే, 1957 ఏప్రిల్ 1కి ముందు 64, ఆ తరువాత 100. ఎంత జల్లెడ పట్టినా ఒకటి రెండు మిగులుతాయి కనుక, అప్పటికి ఒక నియమం పెట్టుకోండి: కాగితంలో లేని జవాబు చెప్పినవారు అది ఏనాటి సంగతో చెప్పగలిగితే, సరిచూసి అక్కడికక్కడే మార్కు వేయాలి, ఆ మాట మైకులో ప్రకటించాలి. చెవిలో చెబితే చాలదు. ఇప్పటికే రావడం మానేసినవారి గది దగ్గరికి వెళ్లి, ఆ ప్రశ్నలో లోపం ఉందనీ వారి జవాబు సరైనదేననీ చెప్పి పిలవండి. వచ్చే వారానికి వారి కాలపు ప్రశ్నలు నాలుగు తయారు చేసిపెట్టమని అడిగితే ఇంకా మంచిది, వాటిలో ఏడాది చేర్చే పని మాత్రం మీదే.

అన్ని జవాబులూ ఒక్కరే చెప్పడం

ప్రతి జట్టులోనూ ఒక పూర్వపు హెడ్మాస్టరు గారు ఉంటారు. పలక పట్టుకునే మనిషిని ప్రశ్న ప్రశ్నకూ మార్చండి, ఆయన్ను తదుపరి వారం ప్రశ్నలు చదవమనండి.

మిగిలినవి

భోజనమయ్యాక పెడితే కునుకుపాట్లు తప్పవు, ఉదయం పదకొండుకో సాయంత్రం టీ తరువాతో మార్చండి. బహుమతి చిన్నదైందని ఎవరైనా మానేశారంటే నమ్మకండి. ప్రశ్నలు కష్టమయ్యాయన్న ఫిర్యాదు అరుదు. వచ్చినప్పుడు ప్రశ్నల పుస్తకం మార్చే ముందు వెనుక వరుసలో ఒకసారి కూర్చుని రండి.