ల్యాబ్‌లో పనిచేసింది, బజారుకు రాలేదు: ఎక్కడ ఆగిందో చూసుకోండి

హైదరాబాద్‌లో పరిశోధనకు కొదవ లేదు. తార్నాక నుంచి బాలాపూర్ దాకా పేరున్న ల్యాబులున్నాయి. అయినా ఇక్కడ పుట్టిన పరికరాల్లో చాలావి కొనేవాళ్ల దాకా చేరడం లేదు. మీది ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి.

సమస్య: కంపెనీ ముందుకొచ్చింది, పేటెంట్ సంగతి తెలియగానే వెనక్కి తగ్గింది

కారణం: పరిశోధన పేపర్ ముందే అచ్చయింది. అలా బయటపడ్డాక అది కొత్తది కాదని పేటెంట్ నిరాకరించే వీలుంది. మన 1970 పేటెంట్ చట్టంలో 12 నెలల మినహాయింపు ఉన్నా, అది కొన్ని సందర్భాలకే వర్తిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

పరిష్కారం: జర్నల్‌కు పంపేముందే పేటెంట్‌కు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది.

సమస్య: ల్యాబ్‌లో బాగుంది, మండలంలోని ఆరోగ్య కేంద్రంలో మొరాయిస్తోంది

కారణం: ల్యాబ్‌లో ఏసీ, యూపీఎస్, చెయ్యి తిరిగిన స్కాలర్ ఉన్నారు. అక్కడ మే నెల ఎండ, దుమ్ము, కరెంటు కోతలు.

పరిష్కారం: మీరు పక్కన లేకుండా, అక్కడి టెక్నీషియన్‌తోనే వాడించి చూడండి. నమూనాను మార్చాల్సి వస్తే రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ ఉంది.

సమస్య: అందరూ మెచ్చుకుంటున్నారు, ఎవరూ కొనట్లేదు

కారణం: చాలాసార్లు ధర. "మన దగ్గర మార్కెట్ చిన్నది" అనే మాటను నేను ఒప్పుకోను. వరప్రసాద్ రెడ్డి 1993లో ఈ ఊళ్లోనే శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టేనాటికి హెపటైటిస్-బి టీకా దిగుమతి సరుకు, డోసు వందల రూపాయలు. మామూలు కుటుంబం దాని జోలికే పోలేదు. 1997లో శాంతా సొంత టీకా శాన్వాక్-బి వచ్చింది. డోసు 50 రూపాయల స్థాయికి దిగేసరికి, లేదనుకున్న మార్కెట్ కళ్లముందు నిలబడింది. దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో (జన్యువును వేరే కణంలో చేర్చి) తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది.

పరిష్కారం: ఖర్చుకు లాభం కలిపి ధర కట్టకండి. కొనేవాళ్లు ఎంత ఇవ్వగలరో తెలుసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కవేయండి. ఏ ముడిసరుకు మార్చాలో, ఏ హంగు తీసేయాలో ఆ లెక్కే చెబుతుంది. సర్కారు టెండర్లో పాత అనుభవం, టర్నోవర్ అడిగితే నిరాశపడొద్దు. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు సడలింపు ఇచ్చే వీలుంది. బిడ్ వేసేముందే రాతపూర్వకంగా అడగండి.

సమస్య: టెక్నాలజీ అప్పగించాం, కంపెనీకి తయారీ చేతకావట్లేదు

కారణం: సగం కిటుకులు ఫైల్లో లేవు, చేసినవాళ్ల చేతుల్లో ఉన్నాయి.

పరిష్కారం: మొదటి బ్యాచులు సరిగా వచ్చేదాకా శాస్త్రవేత్త ఫ్యాక్టరీలో ఉండాలని ఒప్పందంలోనే రాసుకోండి. అందుకు ల్యాబ్ సెలవు ఇవ్వాలి, కంపెనీ జీతం భరించాలి.