చుక్కల జోస్యం – 2వ పాఠం: తల్లుల నుంచి న్యాయమూర్తి దాకా

పోయిన పాఠంలో ప్రశ్న మనసులో పెట్టుకుని, లెక్కపెట్టకుండా 16 వరుసల చుక్కలు పెట్టాం. వరుసలో చుక్కలు బేసి అయితే 1, సరి అయితే 2. నాలుగేసి వరుసలకు ఒక బొమ్మ చొప్పున నాలుగు బొమ్మలు వచ్చాయి. వీటి పేరు తల్లులు. మిగతా 11 బొమ్మలూ వీటిలోంచే పుడతాయి, కొత్తగా చుక్క పెట్టే పని లేదు.

తల్లులను కాగితం మీద కుడి నుంచి ఎడమకు రాయండి. ఈ విద్య 12వ శతాబ్దంలో స్పెయిన్ మీదుగా అరబ్బీ నుంచి లాటిన్‌లోకి వెళ్లింది, రాసే దిశ అలాగే ఉండిపోయింది. మన రమల శాస్త్రానిదీ ఆ మూలమే.

ప్రతి బొమ్మకూ ఒక లాటిన్ పేరుంది. మన ఉదాహరణలో తల్లులు ఇవి, పై నుంచి కిందికి చదవండి: కార్సెర్ 1-2-2-1, అక్విజిషియో 2-1-2-1, ప్యూయెల్లా 1-2-1-1, లేటీషియా 1-2-2-2.

నలుగురి పై వరుసలను వరుసగా తీసుకుంటే మొదటి కూతురు: 1-2-1-1. రెండో వరుసలతో రెండో కూతురు: 2-1-2-2. అలాగే మూడో కూతురు 2-2-1-2, నాలుగో కూతురు 1-1-1-2. ఈ చివరి బొమ్మ కౌడా డ్రాకోనిస్, అంటే డ్రాగన్ తోక. మన కేతువే!

ఇక కూడికలు. పక్కపక్కనున్న రెండు బొమ్మల్లో ఏ వరుసకు ఆ వరుస కలపండి. మొత్తం బేసి అయితే 1, సరి అయితే 2. ఇలా మొదటి ఇద్దరు తల్లులు కలిస్తే 1-1-2-2, తర్వాతి ఇద్దరు కలిస్తే 2-2-1-1. కూతుళ్ల జంటలు 1-1-1-1, 1-1-2-2 ఇస్తాయి. ఈ నలుగురూ మేనకోడళ్లు. వాళ్లనూ జంటలుగా కలిపితే కుడి సాక్షి 1-1-1-1, ఎడమ సాక్షి 2-2-1-1. సాక్షులిద్దరినీ కలిపితే న్యాయమూర్తి, అంటే ప్రశ్నకు తుది జవాబు చెప్పే బొమ్మ: 1-1-2-2, ఫోర్టునా మైనర్. దీని అర్థం ఇదీ: పని త్వరగా అవుతుంది, కానీ ఇతరుల సాయంతో. ఆ ఫలితం ఎక్కువ కాలం నిలవదు. కుడి సాక్షి అడిగినవారి పక్షం, ఎడమ సాక్షి అడిగిన విషయం పక్షం.

అర్థం చెప్పుకునే ముందు న్యాయమూర్తి చుక్కలు లెక్కపెట్టండి. ఇక్కడ 6. ఈ సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే కావాలి. ఎందుకంటే కూతుళ్లలో ఉన్నవి తల్లుల చుక్కలే, అడ్డంగా పేర్చినవి. కాబట్టి తల్లుల మొత్తం బేసి అయితే కూతుళ్లదీ బేసే, సరి అయితే అదీ సరే. ఈ రెండు పక్షాలూ సాక్షుల దగ్గర కలిసినప్పుడు సరిసంఖ్య తప్ప ఇంకోటి రాదు. అందుకే 1, 2లతో రాయగలిగే మొత్తం 16 రకాల బొమ్మల్లో 8 మాత్రమే న్యాయమూర్తి కాగలవు. రూబియస్ (2-1-2-2) ఆ స్థానంలో కనిపిస్తే అపశకునమని టెన్షన్ పడకండి, ఎక్కడో కూడిక తప్పింది. నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికన్నా అందమైన భాగం ఇదే. జోస్యం మీద నమ్మకం లేనివాళ్లకు కూడా ఇది నచ్చుతుంది.

అభ్యాసం: తల్లులు 1-1-2-1, 2-2-1-2, 1-1-1-1, 2-1-1-2. న్యాయమూర్తి 1-2-1-2, అంటే అమిషియో (నష్టం) రావాలి. వేరేది వస్తే ముందు కూతుళ్లను సరిచూసుకోండి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.