నత్తి హెచ్చుతగ్గులను ఇంట్లోనే నమోదు చేసే విధానం

నాలుగేళ్ల పిల్లవాడు సోమవారమంతా తడబడి, గురువారం నాటికి గలగలా మాట్లాడితే, నత్తి పోయిందనో, ఇన్నాళ్లూ కావాలనే చేశాడనో ఇంట్లో అనుకుంటారు. రెండూ తొందరపాటే. రోజురోజుకూ పెరుగుతూ తగ్గుతూ ఉండటం నత్తి స్వభావం. అందువల్ల స్పీచ్ థెరపిస్టును కలిసేముందు రెండు మూడు వారాల వివరాలు రాసి ఉంచుకుంటే, ఆమె ఎదుట పిల్లవాడు ఒక్కసారి కూడా తడబడకపోయినా అసలు సంగతి తెలుస్తుంది.

నోటుపుస్తకంలో ప్రతి రాత్రి, ఆనాటి మాటతీరుకు 0 నుంచి 9 వరకు ఒక అంకె వేయండి. 0 అంటే తడబాటు లేదు, 9 అంటే అత్యంత తీవ్రం. ఆస్ట్రేలియాలో రూపొందిన లిడ్‌కాంబ్ చికిత్సలో తల్లిదండ్రులు రోజూ వేసేది ఇటువంటి అంకెనే. దాని పక్కన ఒక ఉదాహరణను విన్నది విన్నట్టు రాయండి. “నా, నా, నాన్న” అని అక్షరం మళ్లీ మళ్లీ రావడం వేరు, “మ్‌మ్‌మ్‌మామయ్య” అని సాగడం వేరు, పెదవులు బిగుసుకుపోయి “పాలు” అన్న మాట బయటికే రాకపోవడం వేరు. కళ్లు గట్టిగా మూయడం, అడగబోయింది మానేసి “ఏం లేదులే” అనడం కూడా రాయాలి. నా దృష్టిలో అంకె కన్నా ఇవే ముఖ్యం, ఎందుకంటే మాట దాచుకునే పిల్లల నత్తి పైకి తగ్గినట్టే కనిపిస్తుంది.

ఎవరితో, ఏ సందర్భంలో మాట్లాడాడన్నదీ నమోదు చేయండి. పాడేటప్పుడు, నలుగురితో కలిసి పద్యం చెప్పేటప్పుడు నత్తి దాదాపు కనిపించదు. ఎవరూ వినడం లేదని నమ్మినప్పుడు పెద్దవారిలోనూ అది దాదాపు ఉండదని 2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. అంతమాత్రాన భయమే కారణమనుకోరాదు. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, పాకిస్తానీ కుటుంబాలతో మొదలైన అధ్యయనంలో, నత్తితో ముడిపడిన మార్పులను మూడు జన్యువుల్లో గుర్తించారు. మెదడు స్కానుల్లో కూడా మాటకు తోడ్పడే నాడీమార్గాల్లో తేడాలు కనిపించాయి. కాబట్టి అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికి నత్తి ఉండేదో, ఏ వయసులో తగ్గిందో మొదటి పేజీలోనే రాయండి. లోపం నాలుకలో లేదు కనుక వస రాయడం వల్ల నత్తి పోదు.

పిల్లవాడి ఎదుట రాయకండి, “మెల్లగా చెప్పు” అని మధ్యలో ఆపకండి. ఎక్కువమంది పిల్లల్లో నత్తి దానంతట అదే పోతుంది. అయినా ఆరు నెలలు దాటినా, మాట కోసం ముఖం బిగబట్టినా, కుటుంబంలో పెద్దయ్యాక కూడా నత్తి ఉన్నవారుంటే అంతకన్నా ముందుగానే, మాట, వినికిడి సమస్యలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రాన్ని గానీ, దగ్గరలోని స్పీచ్ థెరపిస్టును గానీ సంప్రదించండి. పుస్తకంతో పాటు, బాగా మాట్లాడిన రోజుదొకటి, తడబడిన రోజుదొకటి ఫోన్ వీడియోలు తీసుకువెళ్లండి.