ఇంట్లో బీపీ చూసుకోవడం – మూడో పాఠం: పుస్తకంలో ఏ అంకె రాయాలి?

పోయిన పాఠం చదివి బీపీ చూసుకోవడం మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి ఒకటే టెన్షన్: "ఇప్పుడే చూస్తే ఒక అంకె, నిమిషం ఆగి చూస్తే ఇంకో అంకె. మిషన్ పాడైందా?" పాడవలేదు. బీపీ ఒకచోట నిలిచి ఉండేది కాదు. మాట్లాడితే పెరుగుతుంది, మూత్రం ఆపుకుంటే పెరుగుతుంది, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. మొదటిసారి ఎక్కువ వచ్చి రెండోసారికి కాస్త తగ్గడం మామూలే. నిమిషం తేడాతో రెండుసార్లు చూడమన్నది అందుకే.

కూర్చునే పద్ధతి మళ్లీ చెప్పను, చెయ్యి సంగతి తప్ప. చాలామంది చేతిని ఒళ్లో పెట్టుకుంటున్నారు. చేతికి చుట్టే పట్టీ గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే బీపీ దాదాపు 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. బల్ల మీద దిండు వేసి, దాని మీద చెయ్యి వాల్చండి. నేను చేసేది ఇదే.

ఇక ఈ పాఠం రాయడానికి అసలు కారణం. అంకె ఎక్కువ వచ్చిందని మళ్లీ మళ్లీ చూడటం, చివరికి నచ్చిన అంకె వచ్చాక దాన్ని మాత్రమే రాసుకోవడం. ఇది దయచేసి మానండి. ఒకరికి వరసగా 148/92, 142/88, 138/84, 132/80 వచ్చాయనుకుందాం. పుస్తకంలో 132/80 ఒక్కటే ఎక్కింది. ఇంట్లో చూసుకునే బీపీకి సాధారణంగా హద్దు 135/85. డాక్టరు పుస్తకం చూసి మందు బాగా పనిచేస్తోందనుకుంటారు, మార్చరు. నాలుగింటి సగటు 140/86, అంటే హద్దు దాటే ఉంది. నొప్పి లేదు, నలత లేదు, మూత్రపిండాలకీ కళ్లకీ గుండెకీ మాత్రం లోలోపల దెబ్బ తగులుతూనే ఉంటుంది.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. తలనొప్పి వచ్చినప్పుడో, ఇంట్లో గొడవైనప్పుడో మాత్రమే మిషన్ బయటికి తీస్తారు. పుస్తకం నిండా పెద్ద అంకెలే. వాటిని చూసి మందు పెంచితే, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లలో మరీను.

కాబట్టి పద్ధతి ఇది: వేళకి చూడండి, రెండుసార్లే చూడండి, రెండూ రాయండి. 147ని 145 అనీ 150 అనీ సరిచెయ్యకండి. మిషన్ మెమరీలో ఉంటుంది కదా అంటారేమో, ఇంట్లో ఇంకొకరు అదే మిషన్‌తో చూసుకుంటే అంకెలు కలిసిపోతాయి. నా ఓటు కాగితానికే.

ఒక్కచోట మాత్రం పుస్తకం పక్కన పెట్టాలి. 180/120 దాటి, దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లక్షణాలుంటే అంకె తక్కువగా ఉన్నా ఆగకూడదు. లక్షణాలేవీ లేకుండా అంత వస్తే, కదలకుండా కూర్చుని కాసేపాగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. మాత్ర మాత్రం సొంతంగా అదనంగా వేసుకోవద్దు.

అభ్యాసం: వరసగా 7 రోజులు, ఉదయం మందుకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూడండి. మొత్తం 28 కొలతలు. మొదటిరోజువి నాలుగూ వదిలేసి మిగిలిన 24కి సగటు కట్టండి, పై అంకెలకు వేరుగా, కింది అంకెలకు వేరుగా. శ్రమే, తెలుసు. మధ్యలో ఒక పూట తప్పితే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపకండి. గుండె లయ తప్పే జబ్బున్నవాళ్లు ఈ మిషన్ తమకు సరిపోతుందో లేదో ముందే డాక్టర్ని అడగండి. వచ్చే పాఠానికి ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, ఉదయం సగటుకీ సాయంత్రం సగటుకీ తేడా ఎందుకొస్తుందో అందులోంచే చూద్దాం.