ఆటలో కూలబడే లాబ్రడార్: సమస్య - పరిష్కారం

ఏం కనిపిస్తుంది?

ఆర్కే బీచ్‌లో మా కుక్కకి బంతి విసురుతున్నాం. పది నిమిషాలు బాణంలా పరిగెత్తింది. తర్వాత వెనక కాళ్లు తూలాయి, నడుము కిందకి జారింది. ముందు కాళ్లతోనే ఇసుకలో ఈడ్చుకుంటూ బంతి దగ్గరికి పోతోంది. స్పృహ ఉంది, అరుపు లేదు, తోక ఊపుతోంది. ఇరవై నిమిషాలకి లేచి మామూలుగా నడిచింది. అప్పటికి దాని వయసు ఏడాదిన్నర. మేం వడదెబ్బ అనుకున్నాం.

ఎందుకు?

పరీక్షలో ఈఐసీ అని తేలింది, అంటే ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్, ఒళ్లు అలిసేలా ఆడితే కూలబడే జబ్బు. దీనికి మూలమైన డీఎన్‌ఎం1 జన్యువులోని మార్పు 2008లో బయటపడింది. నిజానికి లోపం కండరంలో కాదు, దానికి కబురు అందించే నరాల్లో. ఒళ్లు బాగా వేడెక్కి, ఉత్సాహం కూడా తోడైతే ఆ కబురు సరిగా అందదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా ఆ మార్పు వస్తేనే కుక్క కూలబడుతుంది. ఒక వైపే వస్తే ఆరోగ్యంగానే ఉంటుంది, కానీ పిల్లలకి అందించవచ్చు.

వడదెబ్బైతే కుక్క మందకొడిగా పడిపోతుంది, వాంతులు కావచ్చు, అంత తొందరగా కోలుకోదు. ఫిట్స్‌లో సాధారణంగా స్పృహ ఉండదు. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం ఉంటే పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి. గుండె జబ్బూ ఉండొచ్చు కాబట్టి, ఈఐసీయే అని ఇంట్లో తేల్చేసుకోవద్దు.

ఏం చేయాలి?

మొదటి తూలుడుకే ఆట ఆపేయండి. మేం "ఇంకొక్కసారి" అని విసిరాం, అది తప్పు. ఆపకుండా ఆడించడం వల్ల ప్రాణాలు పోయిన కుక్కలున్నాయి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, గాలి తగలనివ్వండి. అరగంటలో తేరుకోకపోతే, లేదా పిలిచినా పలకకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కూలబడినప్పుడు ఒకరు ఫోన్లో వీడియో తీయండి. ఆసుపత్రికి వెళ్లేసరికి కుక్క మామూలుగా ఉంటుంది, డాక్టరుగారికి చూపించడానికి ఆ వీడియోయే ఆధారం. నిర్ధారణకి రక్తంతోగానీ, బుగ్గ లోపలి నమూనాతోగానీ డీఎన్‌ఏ పరీక్ష ఉంది.

పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా దిగులు పడొద్దు, నెమ్మది నడకకి ఏ ఇబ్బందీ రాదు. ఒళ్లు మరిచి ఆడే బంతాట మానేయాలి. మన ఉక్కపోతలో మరీ జాగ్రత్త. సముద్రంలో ఈతకి అసలు వదలొద్దు, నీళ్లలో కాళ్లు పడిపోతే మునిగిపోతుంది.

ఈ జబ్బున్న కుక్కని జత కట్టించొద్దు. లాబ్రడార్ పిల్లని కొనేవాళ్లు ముందు తల్లిదండ్రుల ఈఐసీ రిపోర్టు అడగండి.