జూదం మానాలంటే ముందు డబ్బు దారి మూయాలి

"రేపటి నుంచి ముట్టను" అని పిల్లల మీద ఒట్టేసి, వారం తిరక్కుండా మళ్లీ పేకముక్కలు పట్టినవాళ్లు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగిళ్లలో ఉన్నారు. ఆ ఒట్టు అబద్ధం కాదు. వ్యసనమయ్యాక ఆడించేది సరదా కాదు, పోయింది రాబట్టుకోవాలన్న తపన. ఒక్క ముక్కలో చెయ్యి జారిన ఆట ఓడినట్టు అనిపించదు, ఇంచుమించు గెలిచినట్టే అనిపిస్తుంది. మధ్యలో ఎప్పుడో ఒకసారి నిజంగా గెలవడం మరీ ప్రమాదం, ఆ ఒక్క గెలుపును చూపించి మెదడు నెలల తరబడి ఆడిస్తుంది. అందుకే మనసు కుదుటపడేదాకా ఆగకుండా, ముందు డబ్బు చేతికి అందకుండా చేసుకోండి.

జీతం పడే ఖాతాకి ఉన్న ఫోను నంబరు మార్పించి, ఇంట్లో నమ్మకమైన మనిషిది ఇవ్వండి. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ము లేని ఫోనులో యూపీఐ కొత్తగా తెరుచుకోదు. పాత యూపీఐ తీసేయించి, కార్డుకి ఆన్‌లైన్ వాడకం ఆపించండి. మీ ఫోనుకి వేరే చిన్న ఖాతా పెట్టుకుని, చార్జీలకీ టీకీ సరిపడా వారానికోసారి వేయించుకోండి. ఇదంతా మీరే బ్యాంకుకి వెళ్లి చేయించుకోవాలి. ఇంట్లోవాళ్లు చాటుగా చేస్తే గొడవే మిగులుతుంది.

ఇంత చేసినా డబ్బు కారిపోయే కంతలు మూడుంటాయి: బంగారం, చీటీ, చేబదులు. నగలు ఇంటావిడ పేరున లాకర్లో పెట్టించండి. చీటీ నడిపేవాళ్లకి "ఈయన ఒక్కడూ వచ్చి పాడితే ఇవ్వొద్దు" అని ముందే చెప్పించండి, ఎందుకంటే అవసరం లేకపోయినా తోసుకు పాడి ఎత్తేసేది ఇలాంటప్పుడే. పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం ఎంతో దూరం కాదు కాబట్టి, చేబదులు ఇచ్చే స్నేహితులకి హద్దుకి రెండు వైపులా చెప్పాలి. ఒక్క వైపు చెబితే రెండో వైపు పుడుతుంది.

అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి: ఎవరికి, ఎంత, నూటికి ఎంత వడ్డీ. దాచిన అప్పు ఒక్కటి మిగిలినా, దాన్ని తీర్చడానికే మళ్లీ ఆడతారు. ఇంట్లోవాళ్లు తీర్చదలిస్తే డబ్బు నేరుగా అప్పిచ్చినవాళ్లకే ఇవ్వాలి.

2025 కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. అయినా టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో పందేలు కాయడానికి ఐడీలిచ్చే ఏజెంట్లు ఉంటారు. ఆ గ్రూపుల్లోంచి బయటికి వచ్చి నంబర్లు బ్లాక్ చేయండి. చివరిసారిగా ఒక్క మాటయినా రాయొద్దు, బోనస్ ఇస్తామంటూ వెంటపడతారు.

కోరిక ఉధృతంగా వచ్చినా చాలాసార్లు అరగంటలో తగ్గుతుంది. ఆ అరగంట ఒంటరిగా ఉండొద్దు, ఫోను ఇంకొకరి చేతికిచ్చి బయటికి నడవండి. జీతం రోజు, ఒడిశాలో పేకాట సాగే కుమార పూర్ణిమ రాత్రి, దీపావళి, సంక్రాంతి కోడిపందేలు, ఐపీఎల్ సాయంత్రాలు గడ్డుకాలం. ఎక్కడుండాలో, ఎవరితో ఉండాలో ముందే అనుకోండి.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నిద్ర పట్టడం లేదని చెప్పి ఊరుకోకుండా, జూదం మానలేకపోతున్నానని విప్పి చెప్పండి. ఆలోచన తీరు మార్చే కౌన్సెలింగే ముఖ్య వైద్యం, కొందరికి నాల్‌ట్రెక్సోన్ వంటి మందులూ ఇస్తారు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకి ప్రామిపెక్సోల్ మందు వాడుతున్న పెద్దాయనకి కొత్తగా జూదం పట్టుకుంటే అది మందు వల్ల కావచ్చు. సొంతంగా ఆపకుండా డాక్టర్‌కి చెప్పండి. చావాలన్న ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడాలని అడగండి.

మధ్యలో ఒకసారి జారినా అదే రోజు ఇంట్లో చెప్పండి. ఎంత పోయిందన్న దానికంటే ఆ డబ్బు చేతికి ఎలా వచ్చిందో చూసుకుని, ఆ కంతను మర్నాడే మూయండి.