గడువు తీరిన డొమైన్‌ను కొనే ముందు దాని చరిత్రను చదవడం ఎలా?

విశాఖపట్నంలో హోమ్‌స్టేలు, ట్రావెల్స్ నడిపేవారి వెబ్‌సైట్లు చూసుకోవడం నా వృత్తి. పాత యజమాని రెన్యూ చేయక వదిలేసిన వెబ్‌సైటు పేరే గడువు తీరిన డొమైన్. ఇతర సైట్ల నుంచి దానికి వచ్చే పాత లింకులు గూగుల్‌లో తమకు పనికొస్తాయని దానిని కొంటారు. గడువు తీరిన డొమైన్ల విషయంలో కొనక ముందు సలహా అడిగేవారికన్నా, కొనేశాక తల పట్టుకుని వచ్చేవారే నాకు ఎక్కువగా తారసపడతారు. మధురవాడలో రెండు వందల గజాల స్థలం కొనడానికి ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకు చూపించే మనిషి, డొమైన్ దగ్గరకు వచ్చేసరికి ఒక స్కోరు చూసి డబ్బు కట్టేస్తాడు. ‘డొమైన్ అథారిటీ’ అనే ఆ స్కోరు మోజ్ అనే ఎస్ఈఓ సాధనాల సంస్థ వేసుకున్న అంచనా. గూగుల్ దానిని వాడదు.

వెతకడం తేలిక. ఎక్స్‌పైర్డ్‌డొమైన్స్ డాట్ నెట్ వంటి చోట జాబితాలు దొరుకుతాయి. డాట్ కామ్ పేరును రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసే సంస్థ) తొలగించాక పాత యజమాని తిరిగి తీసుకోవడానికి 30 రోజులు, ఆపైన తొలగింపు పూర్తి కావడానికి 5 రోజులు పడుతుంది. పాత సైటు విషయమూ మీ విషయమూ ఒకటి కాకపోతే ఆ పేరును అక్కడే వదిలేయాలి. పాత ప్రాథమిక పాఠశాల డొమైన్‌లో కేసినో నడపడం వంటి వాటిని 2024 మార్చి నుంచి గూగుల్ పేరు పెట్టి మరీ స్పామ్‌గా పరిగణిస్తోంది.

ఇక అసలు పని. వెబ్‌సైట్ల పాత కాపీలను తేదీలవారీగా దాచే వేబ్యాక్ మెషీన్ తెరిచి, డొమైన్ పేరు ఇచ్చి, మొదటి సంవత్సరం నుంచి ప్రతి సంవత్సరపు క్యాలెండరునూ చూడండి. నేను ఒకసారి అరకులోని హోమ్‌స్టే యజమాని కోసం, తూర్పు కనుమల ట్రెక్కింగ్ గురించి రాసిన ఒక పాత సైటు పేరు కొన్నాను. మొదటి కాపీలో కొండలు, చివరి కాపీలో సైటేమీ లేని పేరుకు పెట్టే ఖాళీ ‘పార్కింగ్’ పేజీ కనిపించాయి కనుక తృప్తిపడ్డాను. నడుమ పద్నాలుగు నెలలు అది బెట్టింగ్ సైటుగా నడిచిందని కొత్త సైటు గూగుల్‌లో పైకి వస్తుందని ఆరు నెలలు ఎదురుచూసిన తరువాత గానీ తెలియలేదు. అప్పటి నుంచి నేను మధ్య సంవత్సరాలనే ముందు చూస్తాను.

క్యాలెండరులో నీలం చుక్క అంటే పేజీ మామూలుగా తెరుచుకున్నదని, ఆకుపచ్చ చుక్క అంటే మరో చోటికి రీడైరెక్ట్ అయిందని అర్థం. వరుసగా ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తే ప్రతిదానినీ నొక్కి, సందర్శకుడిని ఎక్కడికి పంపారో చూడండి. పేజీ శీర్షికల్లో ఉన్నట్టుండి జపనీస్ అక్షరాలు (హ్యాకర్ల స్పామ్‌కు గుర్తు) కనిపించినా, కాపీలే లేని సంవత్సరాలు వరుసగా ఉన్నా నేను కొనను. ఇది అతి జాగ్రత్త అనేవారున్నారు. వారి క్లయింట్లే తరువాత నా దగ్గరకు వస్తారు. ఆపైన లింకులను చూపే అహ్రెఫ్స్‌లోనో మెజెస్టిక్‌లోనో యాంకర్ టెక్స్ట్, అంటే లింకు మీద కనిపించే మాటలు, చూడాలి. ట్రెక్కింగ్ సైటుకు వచ్చే లింకుల మీద రమ్మీ, స్లాట్స్ అనే మాటలుంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

కొన్న రోజే డీఎన్‌ఎస్‌లో (డొమైన్ సెట్టింగుల్లో) టెక్స్ట్ రికార్డు పెట్టి, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యాజమాన్యం ధ్రువీకరించుకోండి. మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది సైటుపై విధించే శిక్ష) ఉందో లేదో యజమానికే తెలుస్తుంది కాబట్టి, ఈ ఒక్క సంగతి కొనక ముందు ఎవరికీ దొరకదు. ఉన్నట్లయితే లోపాలు సరిదిద్ది పునఃపరిశీలన కోరాలి.

చివరగా, అదే పేరు మీద నిజమైన సైటు కట్టడమే సరైన పద్ధతి. లింకులు వచ్చే పాత చిరునామాల్లో కొత్తగా రాసిన పేజీలు పెట్టాలి. ఆర్కైవ్‌లోని రాతలు పాత రచయితలవి, వాటిని ఎత్తిపెట్టకూడదు. మీ ప్రస్తుత సైటుకే మళ్లించక తప్పకపోతే 301 రీడైరెక్ట్‌ను (శాశ్వత మళ్లింపును) పేజీకి పేజీగా ఇచ్చి, కనీసం ఏడాది పాటు ఉంచండి. అన్నింటినీ హోమ్ పేజీకి తోలితే గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కగడుతుంది. జోడు దొరకని పాత పేజీని 404గానే (‘పేజీ లేదు’ అనే జవాబుతోనే) వదిలేయండి.